పరీక్షకు ముందు మాట

పెద్దపేగు క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టే పరీక్షల చరిత్ర అంటే మామూలుగా పరికరాల చరిత్రే రాస్తారు. మొదట లోహపు గొట్టం, తర్వాత మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టిచ్చే రసాయనం, ఆ తర్వాత ఎటు కావాలంటే అటు వంగే గాజుపోగుల గొట్టం, ఈమధ్య డీఎన్ఏ పరీక్ష. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో శాస్త్రవేత్త పేరు, ఒక్కో సంవత్సరం. ఆ కథలో అబద్ధం లేదు గాని, అందులో ఒక ముఖ్యమైన ప్రశ్నకు జవాబు దొరకదు. ఈ జబ్బు చాలా క్యాన్సర్ల లాంటిది కాదు. ఎక్కువమందిలో పేగు లోపలి గోడమీద పాలిప్ అనే చిన్న కండ మొలకతో మొదలవుతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. ఈలోగా దాన్ని తీసేస్తే అక్కడ క్యాన్సర్ పుట్టదు. పట్టుకునే పరీక్ష ఉంది, తీసేసే పద్ధతి ఉంది, కావలసినంత వ్యవధీ ఉంది. అయినా ఇవన్నీ పుష్కలంగా ఉన్న అమెరికాలో ఈ జబ్బు ఇప్పటికీ ఏటా 50 వేల మందికి పైగా ప్రాణాలు తీస్తోంది. పరీక్ష చేయించుకోవలసిన వయసువాళ్లలో మూడో వంతుకు పైగా వేళకు చేయించుకోవడం లేదు. పరికరం ముందుకు వెళ్లింది. డాక్టరు గదిలో జరగవలసిన సంభాషణ వెనకబడిపోయింది. అమెరికాలో ఈ పరీక్షల గత అరవై ఏళ్ల చరిత్రను జాగ్రత్తగా చూస్తే, ఆ సంభాషణ కుదిరినచోట పరీక్ష జరిగింది, కుదరనిచోట మంచి పరికరం కూడా బల్లమీదే ఉండిపోయింది అన్నది నాకు స్పష్టంగా కనిపిస్తోంది.

పరికరాల సంగతి క్లుప్తంగానే చెప్పుకోవచ్చు. గ్వాయాకం చెట్టు బంకతో రక్తపు జాడను కనిపెట్టవచ్చని 1864లో డచ్ శాస్త్రవేత్త వాన్ డీన్ చూపించాడు. రక్తం తగిలితే అది నీలంగా మారుతుంది. ఆ ఉపాయాన్ని జీర్ణకోశ వ్యాధుల వైపు తిప్పినవాడు బెర్లిన్ వైద్యుడు ఇస్మార్ బోవాస్. కంటికి కనబడని రక్తస్రావం గురించి ఆయన 1901లో రాశాడు. 1895లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో హవర్డ్ కెల్లీ మలద్వారం గుండా లోపలికి చూసే లోహపు గొట్టాన్ని పరిచయం చేశాడు. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో మొదట కత్బర్ట్ డ్యూక్స్, తర్వాత బేసిల్ మోర్సన్ వేల నమూనాలను సూక్ష్మదర్శిని కింద చూసి, పాలిప్ నుంచే క్యాన్సర్ వస్తుందన్న అవగాహనను స్థిరపరచారు. 1969లో న్యూయార్క్ బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో విలియం వుల్ఫ్, హిరోమీ షిన్యా కొలొనోస్కోప్ అనే వంగే గాజుపోగుల గొట్టంలోంచే తీగ ఉచ్చు వేసి, పొట్ట కోయకుండా పాలిప్‌ను తీశారు. వీటన్నిటికన్నా నా దృష్టిలో పెద్ద మలుపు 1967లో ఒహాయో డాక్టరు డేవిడ్ గ్రీగర్ ప్రచురించిన చిన్న వ్యాసం. గ్వాయాకం పూసిన కాగితపు చీటీలను ఆయన రోగుల చేతికిచ్చి ఇంటికి పంపాడు. మాంసం మాని, పీచు ఎక్కువున్న తిండి తింటూ, మూడు రోజుల మలంలోంచి కాస్త కాస్త పుల్లతో తీసి పూసి తెచ్చివ్వమన్నాడు. అంతవరకూ పరీక్ష అంటే డాక్టరు చేసేది, రోగి చేయించుకునేది. ఇక్కడ పరీక్ష చేసేది రోగే. ఎందుకు చేయాలో, ఎలా చేయాలో, మూడు రోజులు ఎందుకో ఎవరైనా విడమరిచి చెప్పకపోతే ఆ చీటీ పరీక్షే కాదు. అంటే గ్రీగర్ పద్ధతిలో మాట అనేది పరీక్షకు ముందుమాట మాత్రమే కాదు, పరీక్షలో ఒక భాగం.

అయితే ఆ మాట నడవవలసిన గది అప్పటికి ఎలాంటిది? చికాగోలోని మైకేల్ రీస్ ఆసుపత్రిలో డొనాల్డ్ ఓకెన్ 219 మంది డాక్టర్లను అడిగి, 1961లో ఫలితం ప్రచురించాడు. క్యాన్సర్ అని తేలినా ఆ సంగతి రోగికి చెప్పకుండా ఉండడమే మేలని వాళ్లలో దాదాపు 90 శాతం మంది అన్నారు. గడ్డ అనేవారు, పుండు అనేవారు, ఏవో కణాలు అనేవారు. ఇది డాక్టర్ల కాఠిన్యం కాదు. నయం చేయలేని జబ్బు పేరు చెప్పి ఆశ చంపడమెందుకన్న జాలి. దానికి పాత వేర్లున్నాయి. 1893లో అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ నోట్లో కణితిని ఒక ఓడమీద రహస్యంగా కోసి తీశారు. దేశానికి పంటి నొప్పి అని చెప్పారు. అందులో పాల్గొన్న సర్జన్ విలియం కీన్ 1917లో రాసేదాకా అసలు కథకు ధ్రువీకరణ రాలేదు. జబ్బు వచ్చాకే పేరెత్తనివాళ్లు, రాని జబ్బు గురించి, అదీ మలం గురించి, మలద్వారం గురించి, ఆరోగ్యంగా ఎదురుగా కూర్చున్న మనిషితో ఎలా మొదలుపెడతారు? గ్రీగర్ చీటీలు పుట్టింది ఓకెన్ సర్వే వచ్చిన ఆరేళ్లకే. వైద్యులు ఆ మౌనంలోంచి బయటపడ్డారు కూడా. 1979లో అదే ప్రశ్న మళ్లీ అడిగితే 97 శాతం మంది చెప్పడమే మంచిదన్నారు. రెండు దశాబ్దాల లోపల ఒక వృత్తి ఇంతగా మనసు మార్చుకోవడం అరుదు. కాని చెప్పాలనుకోవడం వేరు, చెప్పడం వేరు. ఉన్న జబ్బును చెప్పడం నేర్చుకున్న తరానికి రాబోయే జబ్బు గురించి మాట్లాడే అలవాటు ఇంకా రాలేదు.

మధ్యలో మరో చిక్కు వచ్చిపడింది. ఏం చెప్పాలన్న దానిమీదే పెద్దలు ఒకమాటమీద లేరు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 1980లోనే యాభై దాటినవాళ్లు ఏటా మలపరీక్ష చేయించుకోవాలని, కొన్నేళ్లకోసారి గొట్టంతో చూపించుకోవాలని చెప్పింది. ప్రభుత్వం నియమించిన ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 1989లో తగిన ఆధారం లేదంది. అది అడిగిన ఆధారం మిన్నెసోటా నుంచి రావలసి ఉంది. అక్కడి విశ్వవిద్యాలయంలో విక్టర్ గిల్బర్ట్‌సెన్ ఏళ్ల తరబడి గొట్టంతో చూసి పాలిప్‌లు తీస్తూ వచ్చాడు. ఆ అనుభవం మీదే 1975లో 46,551 మందితో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. 1993లో జాక్ మాండెల్ బృందం ఫలితం ప్రకటించింది: ఏటా మలపరీక్ష చేయించుకున్నవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ మరణాలు 33 శాతం తగ్గాయి. ముప్ఫై ఏళ్లపాటు గమనించి 2013లో లెక్క చూసినా ఆ లాభం చెక్కుచెదరలేదు. బ్రిటన్‌లో నాటింగ్‌హామ్, డెన్మార్క్‌లో ఫ్యూనెన్ ప్రయోగాలు 1996లో అదే దిశగా, కాస్త తక్కువ అంకెలతో నిలిచాయి. ఆ ఏడాదే టాస్క్ ఫోర్స్ తన మాట మార్చుకుంది. ఇక్కడ ఒక విషయం మరిచిపోకూడదు. మిన్నెసోటా ప్రయోగంలో చేరింది స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లు. చేయించుకోవాలన్న నిర్ణయం వాళ్లు ముందే తీసుకున్నారు. ఆ ప్రయోగం పరీక్ష పనిచేస్తుందని రుజువు చేసింది గాని, మోకాలి నొప్పికో రక్తపోటు మందుకో వచ్చిన మనిషి చేత ఆ పరీక్ష ఎలా చేయించాలో దానికి తెలియదు, అది అడగనూ లేదు.

గది లోపల మాట రానప్పుడు బయటినుంచి వచ్చింది, టెలివిజన్ గుండా. 1985 జూలై 13న అధ్యక్షుడు రొనాల్డ్ రేగన్‌కు బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో రెండు అడుగుల పెద్దపేగు తీశారు. రెండు రోజుల తర్వాత అది క్యాన్సరేనని డాక్టర్లు కెమెరాల ముందు నేరుగా చెప్పారు. క్లీవ్‌లాండ్ ఓడకూ ఈ విలేఖరుల సమావేశానికీ మధ్య తొంభై రెండేళ్ల దూరం. దేశమంతా తెరమీద పేగు బొమ్మ చూసింది. పాలిప్ అన్న మాట ఇంటింటికీ తెలిసింది. ఆయన మలంలో రక్తపు జాడ మార్చిలోనే కనబడినా పేగు మొత్తం చూడడానికి జూలై దాకా ఎందుకు ఆగారని పత్రికలు నిలదీశాయి. అది నిజంగా మంచి ప్రశ్న. దేశాధ్యక్షుడి దగ్గర కూడా పరీక్ష ఫలితానికీ తర్వాతి అడుగుకూ మధ్య నెలలు జారిపోయాయి. క్యాన్సర్ సమాచార కేంద్రాలకు ఫోన్లు వెల్లువెత్తాయి, పరీక్షలు పెరిగాయి, కొంతకాలానికి మళ్లీ తగ్గాయి. 2000 మార్చిలో మరో ఉదంతం. భర్త నలభై రెండేళ్ల వయసులో ఇదే జబ్బుతో చనిపోయిన టీవీ వ్యాఖ్యాత కేటీ కూరిక్ తన కొలొనోస్కోపీని దేశానికి చూపించింది. ఆ తర్వాతి తొమ్మిది నెలల్లో కొలొనోస్కోపీలు సుమారు 20 శాతం పెరిగాయని పరిశోధకులు లెక్కగట్టారు. ఆమె చేసింది గొప్ప పని. సిగ్గును తొలగించింది. కాని తెరమీద మనిషి అందరితో మాట్లాడుతుంది. మీ నాన్నకు ఉందా, మీకు రక్తం పలచబడే మందులున్నాయా, పరీక్ష రోజు మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్లేవాళ్లున్నారా అని ఒక్కొక్కరినీ అడగలేదు. అడిగేది డాక్టరు గదిలోనే.

2001 జూలై నుంచి ప్రత్యేక ముప్పు లేనివాళ్లకు కూడా వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ కొలొనోస్కోపీ ఖర్చు భరించడం మొదలుపెట్టింది. దాంతో ఆ గదిలో మాట మరింత కుంచించుకుపోయింది. ‘యాభై నిండాయి కదా, కొలొనోస్కోపీకి రాసిస్తాను’ అన్న ఒక్క వాక్యం చాలని చాలామంది డాక్టర్లు అనుకున్నారు. మరో కుదింపు ఇంకా ప్రమాదకరమైనది. మూడు రోజులు, ఆరు పూతలు, ఇంట్లో చేయడం ఇవన్నీ వివరించే బదులు కొందరు గదిలోనే వేలితో పరీక్షించి, గ్లవ్‌కు అంటినదాన్ని ఒక్క చీటీమీద రాసి చూసి, రక్తం లేదని పంపేసేవారు. 2005లో జుడిత్ కాలిన్స్ బృందం మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఆ పద్ధతిని తూచింది. ముదిరిన పాలిప్‌లు, క్యాన్సర్లు ఉన్నవాళ్లలో ఇంటి నుంచి తెచ్చిన ఆరు పూతల పరీక్ష సుమారు 24 శాతం మందిని పట్టింది. గ్లవ్ పరీక్ష పట్టింది 5 శాతం లోపు. అదే రసాయనం, అదే కాగితం. తేడా ఒక్కటే, రోగికి చెప్పి చేయించిన పనికి బదులు చెప్పకుండా కానిచ్చిన పని. ఈ రంగంలో మాట కొరతకు ఇంతకన్నా నేరుగా అంకెలు పెట్టిన అధ్యయనం నాకు కనబడదు. పైగా అది కీడు కూడా: ఏమీ లేదన్న భరోసాతో ఇంటికెళ్లిన మనిషి మళ్లీ ఆ ప్రస్తావన ఎందుకు తెస్తాడు?

మాట ఎలా ఉండాలన్న ఆలోచన మరోవైపు, న్యాయస్థానాల్లో, పెరుగుతూ వచ్చింది. కాలిఫోర్నియాలో 1957 నాటి సాల్గో కేసు తీర్పు, వాషింగ్టన్‌లో 1972 నాటి కాంటర్‌బరీ తీర్పు రోగికి తెలుసుకునే హక్కుందని, తెలిపే బాధ్యత డాక్టరుదని నిలబెట్టాయి. 1982లో అధ్యక్షుడు నియమించిన సంఘం ఒకటి ఇంకో అడుగు వేసి, నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవాలంది. అయితే ఈ ఆలోచనంతా శస్త్రచికిత్స బల్ల దగ్గర పుట్టింది. అక్కడ జబ్బు ఉంది, నొప్పి ఉంది, సంతకం కావాలి. స్క్రీనింగ్‌లో, అంటే జబ్బును ముందుగా పసిగట్టే పరీక్షలో, ఎదుట ఉన్నది ఏ బాధా లేని మనిషి. అడగకపోయినా ఆ రోజు ఎవరికీ ఏమీ కాదు. అందుకే అక్కడ ఆ హక్కు కాగితంమీదే మిగిలింది. 1999లో క్లారెన్స్ బ్రాడక్ బృందం 124 మంది డాక్టర్ల దగ్గర 1,057 సంభాషణలను రికార్డు చేసి విన్నది. వాటిలో 3,552 నిర్ణయాలు జరిగాయి. కనీస ప్రమాణాలకు సరిపోయేలా రోగికి పూర్తిగా తెలిపి తీసుకున్నవి 9 శాతం. రోగికి అర్థమైందో లేదో కనుక్కోవడం మరీ అరుదు. డాక్టర్లు తమ గురించి ఏమనుకుంటారో చెప్పే సర్వే కాదది. గదిలో నిజంగా వినబడిన మాటల లెక్క.

ఆ మాటను బాగుచేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి రెండు ప్రయోగాలు చాలు. నార్త్ కరొలైనాలో మైకేల్ పిగ్నోన్ డాక్టరును కలిసే ముందు రోగులకు ఒక చిన్న వీడియో చూపించాడు. పరీక్షలేమిటో, దేంట్లో ఏముందో చెప్పి, చేయించుకోవాలని ఎంత సిద్ధంగా ఉన్నారో తెలిపే రంగు కార్డును వాళ్లే ఎంచుకునేలా చేశాడు. మాట మొదలుపెట్టే భారం కొంత రోగి చేతికి వచ్చింది. 2000లో వచ్చిన ఫలితం ప్రకారం పరీక్ష పూర్తిచేసినవాళ్లు 23 శాతం నుంచి 37 శాతానికి పెరిగారు. రెండోది శాన్‌ఫ్రాన్సిస్కోలో, బీదవాళ్లు, వలస కుటుంబాలు ఎక్కువగా వచ్చే ప్రభుత్వ వైద్యకేంద్రాల్లో, జాన్ ఇనడోమీ బృందం చేసింది, 2012లో అచ్చయింది. 997 మందిని మూడు గుంపులు చేశారు. కొందరికి కొలొనోస్కోపీ చేయించుకోమని చెప్పారు, కొందరికి మలపరీక్ష, కొందరికి రెండూ చెప్పి మీ ఇష్టమన్నారు. ఏడాదిలో పూర్తిచేసినవాళ్లు కొలొనోస్కోపీ గుంపులో 38 శాతం, మలపరీక్ష గుంపులో 67, ఇష్టమన్న గుంపులో 69. ఉన్నవాటిలో మేలైనదని డాక్టర్లు నమ్మిన పరీక్షను ఒక్కదాన్నే చెప్పినప్పుడు ప్రతి పదిమందిలో ఆరుగురు ఏ పరీక్షా లేకుండా మిగిలిపోయారు. తెల్లవాళ్లు కొలొనోస్కోపీ వైపు, మిగతావాళ్లు ఎక్కువగా మలపరీక్ష వైపు మొగ్గారు. అంటే మేలైన పరీక్ష ఏదన్న ప్రశ్నకు జవాబు ప్రయోగశాలలో సగమే ఉంది. ఒకరోజు పని మానుకోలేనివాడికి, రాత్రంతా విరేచనాల మందు తాగలేనివాడికి, మత్తు దిగాక ఇంటికి తోడువచ్చే మనిషి లేనివాడికి కొలొనోస్కోపీ ఎంత గొప్పదైనా అందదు. ఆ సంగతి డాక్టరుకు తెలియాలంటే అడగాలి.

ఇదే ప్రయోగానికి తర్వాతి కథ కూడా ఉంది, దాన్ని దాచకూడదు. మూడేళ్లు గమనించినప్పుడు ఏటా చేయవలసిన మలపరీక్షను మూడుసార్లూ చేసినవాళ్లు మలపరీక్ష గుంపులో 14 శాతానికి పడిపోయారు. కొలొనోస్కోపీ ఒకసారి చేయించుకుని ఏమీ లేదని తేలితే పదేళ్లు నిశ్చింత. మలపరీక్ష ప్రతి ఏటా గుర్తుచేయాలి. ఒకసారి బాగా మాట్లాడాం, అయిపోయింది అనుకుంటే ఈ రంగంలో చెల్లదు. సంభాషణ పక్షాన వాదించేవాళ్లు మొదటి ఏడాది అంకెలు చూపి ఆగిపోతే అది అర్ధసత్యమే.

ఇక అభ్యంతరాలు. మొదటిది గట్టిదే: అసలు డాక్టరుతో మాటే అక్కరలేదు, పోస్టులో డబ్బా పంపితే చాలు. ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థ కొత్తరకం మలపరీక్ష డబ్బాలను సభ్యుల ఇళ్లకు పంపింది. మాంసం మానే నియమం లేదు, మూడు రోజుల పని లేదు. 2000లో 39 శాతంగా ఉన్న స్క్రీనింగ్ 2015కి 83 శాతమైంది. ఈ క్యాన్సర్ మరణాలు సగానికి తగ్గాయి. ఇంగ్లండు కూడా 2006 నుంచి డబ్బాలు పోస్టులోనే పంపుతోంది. ఈ విజయాన్ని తక్కువ చేయడానికి నాకు మనసొప్పదు. ఏ ఉపన్యాసమూ చేయలేని పని అది చేసింది. కాని డబ్బా చేసేది మొదటి అడుగే. రక్తం ఉందని ఫలితం వస్తే కొలొనోస్కోపీ చేయాలి, అది పోస్టులో రాదు. అదే కైజర్ సంస్థలో డగ్లస్ కార్లీ బృందం మలపరీక్ష పాజిటివ్ వచ్చిన 70,124 మంది వివరాలను 2017లో విశ్లేషించింది. పది నెలలు దాటాక కొలొనోస్కోపీ చేయించుకున్నవాళ్లలో క్యాన్సర్ ఎక్కువగా, ముదిరిన దశలో కనిపించింది. ‘మొలల వల్ల అయుంటుందిలే’ అని ఊరుకున్న మనిషిని కదిలించడానికి ఉత్తరం సరిపోదు. డబ్బా మాటను తొలగించలేదు, మరింత బరువైన చోటికి జరిపింది.

రెండో అభ్యంతరం వేళ లేదన్నది. ఇది సాకు కాదు. 2003లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కవేస్తే, 2,500 మంది రోగులున్న ఒక కుటుంబ వైద్యుడు సిఫార్సు చేసిన నివారణ సేవలన్నీ అందించాలంటే రోజుకు 7.4 గంటలు వాటికే పట్టాలి. జబ్బుపడినవాళ్లను ఇంకెప్పుడు చూస్తాడు? పదిహేను నిమిషాల గదిలో పెద్దపేగు మాట చివరికి, తలుపు దగ్గర, అరనిమిషానికి కుదించుకుపోవడం డాక్టరు బద్ధకం వల్ల కాదు. అందుకే ఈ మాట డాక్టరే మాట్లాడాలన్న పట్టుదల వదులుకోవాలి. 1990లో న్యూయార్క్‌లోని హార్లెంలో సర్జన్ హెరాల్డ్ ఫ్రీమన్ రోగికి దారి చూపించే సహాయకుల పద్ధతి మొదలుపెట్టాడు. వాళ్లు ఫోన్ చేస్తారు, తేదీ ఖాయం చేస్తారు, బండి కుదురుస్తారు, భయమేమిటో వింటారు. డెలవేర్ రాష్ట్రం 2002లో ఆ పద్ధతిని ఈ క్యాన్సర్ కోసం రాష్ట్రమంతా పెట్టింది. నర్సులను నియమించింది, బీమా లేనివాళ్ల ఖర్చు భరించింది. 2009 నాటికి నల్లజాతివాళ్లలో స్క్రీనింగ్ 48 శాతం నుంచి 74 శాతానికి పెరిగి తెల్లవాళ్లతో సమానమైంది, మరణాల తేడా దాదాపు చెరిగిపోయింది. టస్కీగీలో నల్లవాళ్లకు సిఫిలిస్ ఉందన్న సంగతి దాచి, మందు ఇవ్వకుండా ప్రభుత్వ వైద్యులే నాలుగు దశాబ్దాలు గమనిస్తూ ఉండిపోయారని 1972లో బయటపడ్డ దేశంలో ఇది చిన్న విషయం కాదు. అపనమ్మకానికి కారణం అజ్ఞానం అనుకున్నంతకాలం కరపత్రాలు పంచారు. డెలవేర్ మనిషిని పంపింది, డబ్బుకూడా ఇచ్చింది. డబ్బు లేకుండా మాట ఒక్కటే ఈ ఫలితం తెచ్చేదని నేను అనను. మాట లేకుండా డబ్బు కూడా తెచ్చేది కాదు.

మూడో అభ్యంతరం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నిజమంతా చెబితే మనుషులు వెనకాడతారేమో. ఆస్ట్రేలియాలో చదువు తక్కువున్న 55 నుంచి 64 ఏళ్లవాళ్లకు మలపరీక్ష లాభనష్టాలను అంకెలతో సహా తేలిక భాషలో చెప్పే పుస్తకం, డీవీడీ ఇచ్చి చూశారు. 2010లో వచ్చిన ఫలితం: తెలిసి, తమ మనసుకు తగ్గట్టు నిర్ణయించుకున్నవాళ్లు 12 శాతం నుంచి 34 శాతానికి పెరిగారు. పరీక్ష చేసినవాళ్లు మాత్రం మామూలు కరపత్రం అందినవాళ్లలో 75 శాతం ఉంటే, వీళ్లలో 59 శాతమే. సంభాషణ మెరుగుపడితే పరీక్షలు పెరుగుతాయన్న సులువైన నమ్మకానికి ఇది నేరుగా ఎదురు నిలుస్తుంది. దానికి తోడు 2022లో పోలండ్, నార్వే, స్వీడన్‌లలో జరిగిన నార్డిక్ ప్రయోగం ఫలితాలు వచ్చాయి. కొలొనోస్కోపీకి పిలిచినవాళ్లలో పదేళ్లలో ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లు 0.98 శాతం, పిలవనివాళ్లలో 1.20, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా ఇంకా కనబడలేదు. పిలిస్తే వచ్చింది 42 శాతమేనన్నది ఆ అంకెలు చదివేటప్పుడు గుర్తుంచుకోవాలి. ఈ సంగతులు చెప్పకుండా భయపెట్టి పంపడమే మేలు కదా అనే డాక్టర్లున్నారు. నేను ఒప్పుకోను. ఓకెన్ సర్వేలోని డాక్టర్లు కూడా మేలు కోసమే దాచారు. కొలొనోస్కోపీలో అరుదుగా పేగుకు రంధ్రం పడుతుంది. అది చెప్పకుండా పంపిన మనిషికి అదే జరిగితే, ఆ కుటుంబమే కాదు, ఆ వీధి అంతా ఆ డాక్టరును నమ్మదు. పూర్తిగా చెప్పినందువల్ల ఈ ఏడాది కొందరు వద్దంటారు, అందులో ఒకరిద్దరికి నష్టం జరగవచ్చు కూడా. అది నిజమైన నష్టమే. అయినా తెలిసి వద్దన్నవాడు రేపు మళ్లీ అడిగితే వింటాడు, మోసపోయాననుకున్నవాడు వినడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇష్టం అడిగినందువల్ల పరీక్షలు తగ్గలేదన్నది కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. చెప్పే తీరు, చెప్పే మనిషి, ఎంచుకోవడానికి ఉన్న దారులు ఇవన్నీ కలిస్తేనే ఫలితం. అంకెల జాబితా ఒక్కటే సంభాషణ కాదు.

ఇక మన దేశానికి వస్తే, ఇక్కడ ఈ జబ్బు అమెరికా కన్నా చాలా తక్కువ. జాతీయ కార్యక్రమం ముప్ఫై దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలే పెట్టింది. మనకున్న భారాన్నిబట్టి అది సమంజసమే. అందరికీ కొలొనోస్కోపీ అన్నది ఇక్కడ ఇప్పుడు అక్కరలేని ఖర్చు. కాని మలంలో రక్తం పడిందని వచ్చిన మనిషిని చూడకుండానే మొలలని మందిచ్చి పంపడం, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అని అడగకపోవడం ఖర్చుతో ముడిపడినవి కావు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకైతే ఈ చరిత్ర నేరుగా తగులుతుంది. ఇరవైల్లో చదువుకోసం వెళ్లినవాళ్లు ఇప్పుడు ఈ పరీక్ష చేయించుకోవలసిన వయసుకు వస్తున్నారు. యువతలో ఈ క్యాన్సర్ పెరగడం చూసి, 2021లో టాస్క్ ఫోర్స్ స్క్రీనింగ్ మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కు దించింది. నటుడు చాడ్విక్ బోస్‌మన్ నలభై మూడేళ్లకే ఇదే జబ్బుతో చనిపోయింది అంతకు ముందటి ఏడాదే. 45 అంటే పిల్లలు బడిలో, ఇంటి అప్పు సగంలో, ఒంట్లో ఏ బాధా లేని వయసు.

ఆ వయసువాళ్ల ముందుకు 2024లో కొత్త పరీక్ష వచ్చింది. షీల్డ్ అనే రక్తపరీక్షకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతిచ్చింది. మలం ముట్టుకోనక్కరలేదు, విరేచనాల మందు తాగనక్కరలేదు, చక్కెర పరీక్షతో పాటే ఒక గొట్టం రక్తం ఇస్తే చాలు. సహజంగానే చాలామంది ఇదే చాలంటారు. కాని దానిమీద జరిగిన అధ్యయనంలో అది క్యాన్సర్ ఉన్నవాళ్లలో 83 శాతం మందిని పట్టింది, ముదిరిన పాలిప్‌లు ఉన్నవాళ్లలో 13 శాతం మందినే. పాలిప్ దశలో తీసేస్తే క్యాన్సరే రాదన్నది ఈ పరీక్షలన్నిటికీ మూలమైన లాభం. ఆ లాభం ఈ రక్తపరీక్షలో బాగా తక్కువ. పాజిటివ్ వస్తే ఇక్కడా కొలొనోస్కోపీకి వెళ్లాల్సిందే, నెగటివ్ వచ్చినా మూడేళ్లకు మళ్లీ చేయించుకోవాల్సిందే. ఏ పరీక్షా చేయించుకోని మనిషికి ఇది మేలే. మలపరీక్ష చేయించుకుంటున్నవాడు దాన్ని మాని దీనికి మారితే నష్టం. ఈ ఇద్దరిలో ఎదుట కూర్చున్నది ఎవరో రక్తం తీసే సూదికి తెలియదు. రాసేముందు డాక్టరో నర్సో అడగాలి: ఇంతకుముందు ఏం చేయించుకున్నారు, ఎందుకు మానేశారు, పాజిటివ్ వస్తే కొలొనోస్కోపీకి వస్తారా?